అప్‌డేట్: డాకర్‌లో పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్‌ను తిరస్కరిస్తున్న సమస్య తీరింది

డాకర్‌లో (ప్రోగ్రాములను కంటైనర్లనే విడి అరల్లో నడిపే సాధనం) పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడుపుతున్నాను. దానికి పాస్‌వర్డ్ ఇచ్చే ఎన్విరాన్‌మెంట్ ఫైలులోనూ, దాన్ని వాడే నా జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) సెట్టింగుల్లోనూ ఒకే పాస్‌వర్డ్ ఉన్నా పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోవడం లేదని ఇక్కడ అడిగాను. ఇప్పుడు అంతా పనిచేస్తోంది. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పాత వాల్యూమ్ (డేటాబేస్ ఫైళ్లను కంటైనర్ బయట దాచి ఉంచే డాకర్ నిల్వ) మిగిలి ఉందేమో చూడమన్న సలహాయే సరైనది. పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్ (కంటైనర్‌ను తయారుచేసే మూస) మనమిచ్చే యూజర్, పాస్‌వర్డ్, డేటాబేస్ పేర్లను ఆ వాల్యూమ్‌లో ఉండే డేటా డైరెక్టరీ ఖాళీగా ఉన్నప్పుడు, అంటే మొదటిసారి మాత్రమే వాడుకుంటుంది. ఆ తర్వాత ఫైలులో ఏం మార్చినా, కంటైనర్‌ను ఎన్నిసార్లు తిరిగి నిర్మించినా పాత పాస్‌వర్డే చెల్లుతుంది. లాగ్‌లో ఈ సంగతి స్పష్టంగానే ఉంటుంది: డైరెక్టరీలో ఇప్పటికే డేటాబేస్ ఉన్నట్టుంది, ప్రారంభ ఏర్పాట్లు వదిలేస్తున్నాం అని.

వాల్యూమ్ తీసేస్తే డేటా మొత్తం పోతుంది, కాబట్టి ఆ దారిలో వెళ్లలేదు. కంటైనర్‌లోకి వెళ్లి, పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్‌కు ఆదేశాలిచ్చే ప్రోగ్రాం) తెరిచి, ఆల్టర్ యూజర్ ఆదేశంతో కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. డేటాబేస్ పట్టికలను సిద్ధం చేసే జాంగో మైగ్రేషన్లు వెంటనే నడిచాయి.

ఇలాంటప్పుడు వేరేవాటి మీద అనుమానం రావచ్చు గానీ, ఫైర్‌వాల్, పోస్ట్‌గ్రెస్ వాడే 5432 పోర్టు, డేటాబేస్ డ్రైవర్ వెర్షన్, వీటిలో దేనికీ ఈ సమస్యతో సంబంధం లేదు. పాస్‌వర్డ్ తప్పని సర్వర్ జవాబిస్తోందంటేనే కనెక్షన్ అక్కడిదాకా చేరిందని అర్థం.

ఇంకొకటి: కంటైనర్ లోపలినుంచి లాగిన్ అయి పాస్‌వర్డ్ సరైనదేనని నిర్ధారించుకోకండి. ఆ ఇమేజ్ డిఫాల్టుగా లోపలి కనెక్షన్లకు పాస్‌వర్డ్ అడగదు. వేరే కంటైనర్ నుంచి పరీక్షించండి.