రిటైరయ్యాక ఇల్లు పరకాలలోనా, హన్మకొండలోనా? మీ మాట చెప్పండి

పరకాల పంతులు

అందరికీ నమస్తే. మా ఇంట్లో ఆరు నెలల నుంచి తెగని పంచాయితీ ఇది. వచ్చే మార్చికి నాకు 61 నిండుతాయి, సర్కారు బడి నౌకరీ అయిపోతుంది. పుట్టి పెరిగింది పరకాలలో, కానీ ఇరవై ఏండ్ల నుంచి హన్మకొండలో కిరాయికి ఉంటున్నాం, పిల్లల చదువుల కోసమని వచ్చి అట్లనే ఉండిపోయాం. పరకాలలో నాన్న ఇచ్చిన 200 గజాల జాగా ఉంది, ఖాళీగా పడి ఉంది, పక్కింటివాళ్లు బర్రెలు కట్టేసుకుంటున్నారు. ఆ జాగాలో చిన్న ఇల్లు కట్టుకుని పోదామని నేను, వచ్చిన పైసలు పెట్టి హన్మకొండలోనే ఫ్లాట్ కొందామని మా ఆవిడ.

తెలియనివాళ్ల కోసం ఊరి సంగతి కొంచెం చెప్తాను. హన్మకొండ నుంచి ములుగు రోడ్డు పట్టుకుని గూడెప్పాడ్ క్రాస్ దాకా వచ్చి ఎడమకు తిరిగితే భూపాలపల్లి, కాళేశ్వరం పోయే రోడ్డు. దాని మీదనే పరకాల, మొత్తం ముప్పై అయిదు కిలోమీటర్ల సుమారు. మున్సిపాలిటీ, 22 వార్డులు. కోర్టు, మార్కెట్ యార్డు, బస్ డిపో, ఆర్డీవో ఆఫీసు అన్నీ ఉన్నాయి, రైలు మాత్రం లేదు, రైలెక్కాలంటే జమ్మికుంటకో, కాజీపేటకో, వరంగల్‌కో పోవాల్సిందే. కుంకుమేశ్వరుడి గుడి ఉంది. ఊరి నడుమ అమరధామం ఉంది. 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎగరేద్దామని వచ్చిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపిన ఊరు మాది, వాళ్ల గుర్తుగా 2003లో కట్టారు దాన్ని. మా నాన్న చిన్నప్పుడు విన్న సంగతులు చెప్తుంటే రాత్రి నిద్ర పట్టేది కాదు.

సరే, ఊరి గొప్పలు పక్కన పెట్టండి. అరవై దాటిన ఇద్దరు మనుషులు బతకడానికి ఏది మంచిదో చెప్పండి.

గూడెప్పాడ్ క్రాస్

సార్, కళ్లు మూసుకుని పరకాల పొండి. ఉన్న జాగాను వదిలిపెట్టి ఫ్లాట్ కొనడమేంది? ఫ్లాట్ అంటే గాలిలో నాలుగు గోడలు, నెలనెలా మెయింటెనెన్స్, లిఫ్ట్ పాడైతే మీటింగు, ఆ మీటింగులో కొట్లాట. సొంత జాగాలో అయితే ఓ జామ చెట్టు, ఓ కరివేపాకు చెట్టు. పైగా నాగపూర్ – విజయవాడ గ్రీన్‌ఫీల్డ్ హైవే మన వైపు నుంచే పోతుంది, గీసుగొండ – సంగెం దగ్గర టెక్స్‌టైల్ పార్కు నడుస్తోంది. పదేండ్లలో పరకాల ఎక్కడికో పోతుంది, రాసి పెట్టుకోండి.

హంటర్ రోడ్డు మనిషి

@గూడెప్పాడ్ క్రాస్ తమ్మీ, నువ్వు ప్లాట్లు అమ్ముతావా? ఆ గ్రీన్‌ఫీల్డ్ హైవేకు ఎక్కడపడితే అక్కడ ఎక్కే దిగే దారి ఉండదు, ఇంటర్‌చేంజ్ ఉన్నచోటే ఎక్కాలి. పక్కన భూమి పోయిన రైతు ఇంకా ఏడుస్తున్నాడు, నువ్వేమో రేట్లు పెరుగుతాయంటున్నావు. టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన అయింది, అది వరంగల్‌కు దగ్గర, పరకాల టౌన్‌కు కాదు. నియోజకవర్గం ఒకటైనంత మాత్రాన ఊరి పక్కన ఉన్నట్టా? అయినా సారు అడిగింది రేటు గురించి కాదు, ఉండడం గురించి.

నా ముచ్చట ఒకటి చెప్తా. మాది హంటర్ రోడ్డు వైపు కాలనీ. 2023 జూలైలో వానకు మా గల్లీలో నడుము దాకా నీళ్లు, కింది ఇంటివాళ్ల ఫ్రిజ్ తేలుకుంటూ పోయింది, మేం మేడ మీద రెండు రోజులు బిస్కెట్లు తిని ఉన్నాం. కాబట్టి హన్మకొండ అంటే సుఖం అనుకునేవాళ్లు ఏ గల్లీలో కొంటున్నారో చూసుకోవాలి. నాలా ఎటు పోతుంది, చెరువు శిఖం, అంటే నీళ్లు నిలిచే భూమి, ఎక్కడి దాకా ఉండేది, ఇది బ్రోకర్ చెప్పడు, అక్కడి పాత ముసలాయన చెప్తాడు. ఇంత పడ్డాక కూడా నేను హన్మకొండకే ఓటు వేస్తా. ఎందుకంటే దవాఖాన.

నడికూడ కోడలు

దవాఖాన మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. రెండేండ్ల కింద మా మామకు రాత్రి పదకొండు గంటలకు నోరు వంకర పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. దగ్గర్లో ఉన్న చిన్న ప్రైవేటు దవాఖానకు తీసుకుపోతే అక్కడి డాక్టరు గ్లూకోజ్ ఎక్కించి, "పొద్దుగాల చూద్దాం" అన్నాడు. మేం కూడా నమ్మి కూర్చున్నాం. తెల్లారి వరంగల్ పోతే అక్కడి డాక్టరు అన్నది ఒకటే: పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపు పడాలి, ఇప్పుడు పడదు.

అంటే చూడండి సార్, మా ఊరి నుంచి వరంగల్‌కు రాత్రిపూట గంట కూడా పట్టదు. దూరం మమ్మల్ని ముంచలేదు. ఎక్కడికి పోవాలో తెలియక ముంచుకున్నాం. మీరు పరకాల పోతే నోరు వంకర పోయినా, ఛాతీ నొప్పి వచ్చినా మధ్యలో ఎక్కడా ఆగకుండా నేరుగా స్కానింగ్ ఉన్న చోటికి పోవాలని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టుకోండి, రాత్రి కారు తీసే మనిషి ఎవరో కూడా ముందే అనుకోండి. ఆ మనిషి పరకాలలో దొరుకుతాడు, మా గల్లీలోనే నలుగురు ఉన్నారు. ఫ్లాట్‌లో పక్క తలుపు కొట్టడానికి మొహమాటపడతాం.

అప్ అండ్ డౌన్

నేను పరకాలలో ఒక బ్యాంకులో పని చేస్తూ ఏడేండ్లుగా హన్మకొండ నుంచి రోజూ అప్ అండ్ డౌన్ చేస్తున్నా. సార్‌కు ఎవరూ చెప్పని మాట ఒకటి చెప్తా, కొంచెం చేదుగా ఉంటుంది. పొద్దున తొమ్మిదింటికి హన్మకొండ నుంచి వచ్చే బస్సుల్లో, కార్లలో ఎవరుంటారు? టీచర్లు, బ్యాంకువాళ్లు, ఆఫీసుల స్టాఫ్, లాయర్లు, డాక్టర్లు. సాయంత్రం ఆరింటికి వీళ్లంతా మళ్లీ ఎక్కి వెళ్లిపోతారు. జీతం పరకాలలో తీసుకుని ఖర్చు హన్మకొండలో పెడతాం, నాతో కలిపి. అందుకే అక్కడ మంచి బట్టల షాపు నిలబడదు, పుస్తకాల షాపు నిలబడదు, రాత్రి ఎనిమిది తర్వాత డాక్టరు దొరకడు. సార్ కూడా ఇరవై ఏండ్ల కింద అట్లనే వెళ్లిపోయిన మనిషి, తప్పు పట్టడం లేదు, నేనూ అదే చేస్తున్నా. అందరం కలిసి ఊరిని పగటి ఊరు చేసి, ఇప్పుడు ముసలితనంలో అక్కడ అన్నీ ఉండాలంటే ఎట్లుంటాయి?

లెక్కల మాస్టారు

అప్ అండ్ డౌన్ అన్న చెప్పింది నిజమే. అసలు హన్మకొండలో ఉంటే హెచ్‌ఆర్‌ఏ, అదే జీతంతో ఇచ్చే ఇంటి కిరాయి భత్యం, ఎక్కువ వస్తుంది కదా, అందుకే ఎవరూ చిన్న టౌన్లలో ఉండరు.

అప్ అండ్ డౌన్

కాదు మాస్టారూ. మీకు హెచ్‌ఆర్‌ఏ పని చేసే చోటును బట్టి వస్తుంది, ఇల్లున్న చోటును బట్టి కాదు. 2020 పీఆర్సీలో (జీతాల సవరణలో) హన్మకొండ కలిసి ఉన్న వరంగల్ సిటీకి 17 శాతం, పరకాలలాంటి చిన్న టౌన్‌కు 11. అంటే పరకాలలో పని చేస్తూ హన్మకొండలో ఉండేవాడికి 11 శాతమే వస్తుంది, కిరాయి మాత్రం హన్మకొండ రేటు కడతాడు, పెట్రోలు అదనం. నష్టపోయి మరీ అక్కడ ఉంటున్నారంటే కారణం పిల్లల కాలేజీలే. పిల్లల చదువు అయిపోయినవాళ్లు కూడా ఎందుకు వాపస్ రారు అనేది అసలు ప్రశ్న.

పరకాల పంతులు

అప్ అండ్ డౌన్ సార్, మీరు సూటిగానే కొట్టారు. ఒప్పుకుంటున్నా. నా పెన్షన్ అన్నా ఆ ఊరి కిరాణా కొట్లో ఖర్చు పెడతా అనుకుంటున్నా ఇప్పుడు.

మా ఆవిడ వాదన కూడా న్యాయంగా చెప్పాలి, లేకపోతే ఇంట్లో అన్నం దొరకదు. ఆమె అనేది ఏందంటే, "నీకు పరకాల అంటే నీ దోస్తులు, నీ హోటల్ ముందు బెంచీ, నీ చాయ్. నాకు పరకాల అంటే మీ వాళ్ల పెళ్లిళ్లకు, చావులకు పోయే ఊరు. నా సోపతి అంతా ఇక్కడ కాలనీలో ఉంది. బతుకమ్మ ఆడేది ఇక్కడ, చిట్టీ వేసేది ఇక్కడ. అరవై ఏండ్లకు కొత్త కోడలిలాగ మళ్లీ మీ ఊరికి రావాలా?" నా దగ్గర దీనికి జవాబు లేదు.

నడికూడ కోడలు

అక్క చెప్పింది బంగారం లాంటి మాట. మగవాళ్లకు సొంత ఊరు అంటే పుట్టిన ఊరు, మాకు అది మూడో ఊరో నాలుగో ఊరో. ఒకటి మాత్రం చెప్తా, 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. మా అత్త వారానికి రెండుసార్లు హన్మకొండ పోయి చెల్లెలితో గుడికి పోయి మాపటికి వస్తుంది. ఇదివరకు "బస్సుకు పైసలు దండగ" అని ఇల్లు కదిలేది కాదు. అక్క పరకాలలో ఉండి కూడా కాలనీ సోపతిని నిలబెట్టుకోవచ్చు. పంతులు సారే టికెట్ కొనుక్కోవాలి 😀

హంటర్ రోడ్డు మనిషి

బస్సు ఫ్రీ సరే, ఎక్కడానికి సీటు ఉండాలి కదా చెల్లె. అరవై ఏండ్ల మోకాళ్లతో నిలబడి గంట ప్రయాణం.

రోడ్డు సంగతి కూడా చూడండి. భూపాలపల్లి అంటే బొగ్గు, చెల్పూరులో 1,100 మెగావాట్ల కరెంటు ప్లాంటు. పగలూ రాత్రీ టిప్పర్లు, లారీలు ఆ రోడ్డు మీదనే. మెయిన్ రోడ్డు మీద ఇల్లయితే కిటికీ తెరవలేరు. రెండేండ్లకోసారి మేడారం జాతర వస్తే ఇక చెప్పనక్కరలేదు, తిరుగు బండ్లు భూపాలపల్లి – పరకాల మీదుగా మళ్లిస్తారు, ఆ నాలుగు రోజులు పాలప్యాకెట్ కోసం రోడ్డు దాటడం కూడా సాహసమే.

తాలూకా పరకాల

ఆలస్యంగా చూశా ఈ చర్చ. జాతర నాలుగు రోజులు మాకు పండుగ అన్నా, బండ్లను చూస్తూ అరుగు మీద కూర్చుంటాం. మేడారంలో అమ్మవార్లకు ఇచ్చే బంగారం అంటే బెల్లం అని తెలిసినవాడికి ట్రాఫిక్ జామ్ ఏం లెక్క.

ఇంకోటి, ఈ ఊరిని ఎవరూ ఒక్క దగ్గర కుదురుగా ఉంచలేదు. పాత రోజుల్లో కరీంనగర్ జిల్లా తాలూకా, తర్వాత వరంగల్, 2016లో వరంగల్ రూరల్, 2021లో హన్మకొండ జిల్లా. ఆధార్‌లో ఒక జిల్లా, పట్టా కాగితంలో ఇంకో జిల్లా, మా అమ్మ పింఛను కాగితంలో మూడోది. పంతులు సారూ, ముందు ఆ 200 గజాల కాగితాలు తీసి చూడండి. నాన్న పేరు మీద ఉందా, మీ పేరు మీదికి మారిందా, అన్నదమ్ములు, ఆడబిడ్డలు సంతకాలు పెట్టారా. లేఅవుట్ లేని ప్లాటు అయితే ఎల్ఆర్ఎస్ (అట్లాంటి ప్లాట్లను రెగ్యులరైజ్ చేసే స్కీము) కింద 2020లో అప్లై చేశారా? చేసి ఉంటే నయం. ఇది తేలకుండా పిల్లర్లు లేపకండి. బర్రెలు కట్టేసుకునే పక్కింటివాళ్లతో కూడా ఇప్పుడే మంచిగా మాట్లాడుకుని హద్దురాళ్లు పాతించండి.

గూడెప్పాడ్ క్రాస్

నేను ప్లాట్లు అమ్మను అన్నా, పత్తి కొంటా. సీజన్‌లో జిన్నింగ్ మిల్లు ముందు ట్రాక్టర్ల లైన్లో నిలబడేది నేనే. రేట్లు పెరుగుతాయన్న మాట వాపస్ తీసుకుంటున్నా, కానీ పరకాల పొమ్మన్న మాట తీసుకోను.

కోతుల గురించి కూడా ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తా, తర్వాత తిట్టుకోవద్దు. జామ చెట్టు అన్నాను కదా, కాయ మీ నోటికి రాదు. సోలార్ వాటర్ హీటర్ పైపులు పీకుతాయి, ఆరేసిన మిరపకాయలు చల్లుతాయి, వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తెరుస్తాయి. ఇల్లు కట్టేటప్పుడే కిటికీలకు, వెనక వరండాకు గ్రిల్ లెక్క వేసుకోండి, తర్వాత వేయిస్తే రెట్టింపు అవుతుంది.

అప్ అండ్ డౌన్

సార్, ఒక పని చేయండి. కట్టొద్దు, కొనొద్దు. ఒక ఏడాది పరకాలలో కిరాయికి ఉండి చూడండి. హన్మకొండ ఇంటి కిరాయిలో సగం కూడా కాదు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం, ఒక జ్వరం, ఒక బతుకమ్మ గడవనివ్వండి. మేడమ్ గారికి అక్కడ కుదరకపోతే జాగా ఎక్కడికీ పోదు. బంధువుల ఇంట్లో మాత్రం ఉండకండి, నిజం తెలియదు.

పరకాల పంతులు

ఈ మాట ఇంట్లో చదివి వినిపించా. "ఏడాది కాదు, ఆరు నెలలు, దసరా లోపల వాపస్" అంది. అంటే బతుకమ్మ మాత్రం కాలనీలోనే ఆడాలన్నమాట. నాకది చాలు.

మెయిన్ రోడ్డుకు దూరంగా, గ్రౌండ్ ఫ్లోర్, రెండు గదులు, నల్లా ఉండి వెనక గ్రిల్ వేసిన ఇల్లు ఏప్రిల్ నుంచి కిరాయికి ఉంటే తాలూకా పరకాల తమ్ముడూ, కొంచెం చూసి చెప్పు. హద్దురాళ్ల సంగతి ఆదివారం వచ్చి మాట్లాడతా, అన్నదమ్ములకు కూడా ఫోన్ చేశా, చిన్నోడు ఇంకా ఎత్తలేదు.