అప్‌డేట్: మా చించిల్లా అర్ధరాత్రి అరుపులు

పర్లాకిమిడి నుంచి, మా చించిల్లా (ఎలకల కోవకి చెందిన, మెత్తటి బొచ్చుండే చిన్న పెంపుడు జంతువు) అర్ధరాత్రి కుక్కపిల్లలా ఎందుకు మొరుగుతోందని అడిగింది నేనే. సంగతి తేలింది. కిటికీ గట్టు మీదకి పిల్లి వస్తోంది! ఆ అరుపు అపాయం ఉందన్న హెచ్చరిక. దళసరి పరదా కట్టాక చాలావరకు తగ్గింది. చెవి వెనక గోకితే మాత్రం సన్నగా కూకూమంటుంది, అది హాయి. పళ్లు టకటకలాడిస్తే చిరాకు, చెయ్యి వెనక్కి తీసుకోవడమే. చొంగ కూడా కారుతుంటే పళ్ల జబ్బేమో డాక్టరుకి చూపించాలి.

“ఎలకకి ఎన్ని వేషాలో” అంటుంది మా అమ్మ.

అసలు టెన్షన్ ఇక్కడి ఎండలే. ఆండీస్ కొండల చలిలో పుట్టిన జాతి. 25 డిగ్రీలు దాటితే వడదెబ్బ భయం. ఏసీ గదిలోకి మార్చాం. వేడి తగిలినప్పుడు అరుపు కోసం చూడకండి. చెవులు ఎర్రబడి, నీరసంగా పక్కకి ఒరిగితే వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.