ఐవన్ క్లియరీ: మూడు ఫైనల్స్ ఓడిన మాజీ ఫుల్‌బ్యాక్ కోచ్‌గా నాలుగు ఎలా గెలిచాడు?

కబడ్డీకోర్టు:
రగ్బీ లీగ్ ఇప్పుడిప్పుడే చూస్తున్నాను. కబడ్డీ తెలుసు కాబట్టి ట్యాకిల్ వరకు అర్థమవుతోంది. క్లియరీ 2002లో ఆస్ట్రేలియా లీగ్ ఎన్‌ఆర్‌ఎల్‌లో న్యూజిలాండ్ జట్టు వారియర్స్‌కు ఫుల్‌బ్యాక్‌గా (అందరికంటే వెనక నిలబడే ఆటగాడిగా) ఆడి ఫైనల్ ఓడాడు (30-8). అదే జట్టుకు కోచ్‌గా 2011లో, సిడ్నీ జట్టు పెన్‌రిత్ కోచ్‌గా 2020లో మళ్లీ ఓటమే. ఆ తర్వాత 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు టైటిళ్లు! ఆడిన అనుభవం కోచింగ్‌లో ఎక్కడ పనికొస్తుంది? ‘కసి’, ‘పట్టుదల’ లాంటి జవాబులు వద్దండీ, మైదానంలో ఏం చేస్తారో చెప్పండి.

వెనకవరస:
ఫుల్‌బ్యాక్ అంటే కిక్కులు పట్టేవాడు మాత్రమే కాదు. డిఫెన్స్ లైన్‌ను వెనక నుంచి చూసేది ముఖ్యంగా అతనే. ప్రతి ట్యాకిల్‌కీ రక్‌కి (పట్టుబడ్డవాడు లేచి బంతిని మళ్లీ ఆటలోకి వదిలే చోటుకి) ఎడమన ఎంతమంది, కుడిన ఎంతమంది అని లెక్కపెట్టి అరుస్తూ ఉండాలి. ట్యాకిల్ చేసిన ముగ్గురూ లేచి ఒకే పక్కకు పోయారంటే రెండో పక్క ఖాళీ. అవతలివాడు బంతిని కాలితో వెనక్కి దొర్లించకముందే ఆ అరుపు రావాలి, దొర్లించాక అరిచి లాభం లేదు. ఏళ్లతరబడి ఈ లెక్క చేసినవాడికి వీడియోలో తప్పు ఎక్కడ మొదలైందో త్వరగా దొరుకుతుంది. ట్రై (అవతలి గీత దాటి బంతిని నేలకు ఆనించి తెచ్చే స్కోరు) పడింది వింగ్‌లో, అంటే మైదానం అంచున అయినా, తప్పు రెండు ట్యాకిళ్ల ముందు రక్ పక్కన జరిగి ఉంటుంది.

ఆరోట్యాకిల్:
పై మాటకు ఇంకొకటి. పెన్‌రిత్ ఆట చూడ్డానికి విసుగ్గా ఉంటుందని కొందరంటారు, నాకైతే అదే ఇష్టం. ఒక జట్టుకు బంతి ఆరు ట్యాకిళ్ల వరకే, ఆ వంతునే సెట్ అంటారు. సొంత 10 మీటర్ల గీత దగ్గర బంతి దొరికిందనుకోండి. ఒక్కో పరుగుకు 8-10 మీటర్లు లాగితే ఐదు ట్యాకిళ్లలో సగం మైదానం. అక్కడి నుంచి కిక్ మూలకు వెళ్లాలి. వెంటాడేవాళ్లంతా ఒకే గీతలో పరుగెత్తాలి. ఒక్కడు ఆత్రపడి ముందుకు దూకితే వాడి పక్క సందులోంచి అవతలి ఫుల్‌బ్యాక్ జారుకుంటాడు. గీత నిలబడితే అవతలివాళ్ల సెట్ కూడా 10 మీటర్ల దగ్గరే మొదలవుతుంది. ఇలా అరగంట సాగితే అలసిపోయేది వాళ్ల ఫార్వర్డ్‌లే (ముందుండి గుద్దుకునే బరువైన ఆటగాళ్లు). అదే మూడో ట్యాకిల్‌లో బంతి జారవిడిస్తే ఇదంతా బూడిదలో పోసిన పన్నీరే.

కబడ్డీకోర్టు:
మరి 2023 ఫైనల్? 24-8తో వెనకబడ్డారు కదా.

బెంచ్‌మీద:
అక్కడ కోచ్‌ను మరీ మోయకండి. 26-24తో గెలిపించింది ఎక్కువగా అదే జట్టులో ఆడిన అతని కొడుకు నేథన్ కాళ్లు, చివరి ట్రై కూడా అతనిదే. కోచ్ చేతిలో ఉన్నది ఆటగాళ్ల మార్పిడులు: ఒక్కో మ్యాచ్‌కు ఎనిమిదే. ప్రాప్‌లను (ఫార్వర్డ్‌లలో మరీ బరువైనవాళ్లను) సుమారు 25 నిమిషాలకు దించి, రెండో సగంలో మళ్లీ ఎక్కించడంలోనే చాలావరకు అయిపోతాయి. దెబ్బలు తగులుతాయి కాబట్టి ఆఖరి పావుగంటకు ఒకటో రెండో దాచుకోవాలి. తొందరపడి వాడేస్తే కుంటుతున్నవాడు కూడా ప్రతి ట్యాకిల్‌కీ 10 మీటర్లు వెనక్కి రావాలి. రాలేడు, సందు అక్కడే పడుతుంది.