షుగర్ ఉన్న అత్తమ్మకి వాటర్ ఫ్లాసర్ కొనొచ్చా? పళ్ల బ్రిడ్జి కింద ఇరుక్కున్న తిండి పోతుందా?

ఖమ్మం_కోడలు

నమస్తే అండీ. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మా అత్తమ్మకి 64 ఏళ్లు. షుగర్ పన్నెండేళ్లుగా ఉంది, మాత్రలు వాడుతోంది. గుండె డాక్టర్ రాసిన రక్తం పల్చబడే మాత్ర కూడా రోజూ ఒకటి వేసుకుంటుంది. ఎడమవైపు కింది దవడ పన్ను పీకేసి నాలుగేళ్ల కింద బ్రిడ్జి (పక్క పళ్లకి ఆనించి పెట్టే కట్టుడు పన్ను) వేయించాం. ఏం తిన్నా ఆ బ్రిడ్జి కింద ఇరుక్కుంటుంది. జొన్నరొట్టె, పాలకూర, మటన్ అయితే చెప్పనక్కర్లేదు.

నాకు ఈ సంగతి తెలిసింది పోయిన నెలలోనే. వాష్‌బేసిన్ అద్దం వెనకాల ఒక పిన్నీసు కనిపించింది. ఎవరిదో పడిపోయిందనుకుని తీసి డబ్బాలో వేశా. మర్నాడు పొద్దున మళ్లీ అక్కడే ఉంది. అడిగితే అత్తమ్మ చాలాసేపు చెప్పలేదు. చివరికి చెప్పింది, రోజూ అన్నం తిన్నాక దాంతోనే గుచ్చి తీసుకుంటోందట. రక్తం వస్తే ఉప్పు నీళ్లు పుక్కిలించి ఊరుకుంటోంది. షుగర్ మనిషి, రక్తం పల్చబడే మాత్ర వేసుకునే మనిషి, పిన్నీసుతో చిగుళ్లు గుచ్చుకుంటోందంటే నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఈ వేసవిలో చిన్న రసాలు ఎందుకు ముట్టలేదో, మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్లో మటన్ వడ్డిస్తే వద్దని పెరుగన్నంతో ఎందుకు లేచిపోయిందో అప్పుడు అర్థమైంది. నలుగురిలో కూర్చుని నోట్లో వేలు పెట్టుకోలేక.

మా మరిది అమెరికా నుంచి వచ్చినప్పుడు ట్యాంకు ఉండే పెద్ద వాటర్ ఫ్లాసర్ తెచ్చాడు, అదే, నీళ్లు చిమ్మి పళ్ల సందులు కడిగే మెషిన్. మన ప్లగ్గులో పట్టడానికి ఒక పిన్ను తగిలించి పెట్టాం. రెండు నిమిషాలు గట్టిగా మోత పెట్టి, కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. మళ్లీ ఆన్ అవ్వలేదు. ఇప్పుడు ఇక్కడే ఒకటి కొందామని చూస్తున్నా.

నా అనుమానాలు ఇవి. ప్లగ్గుకి పెట్టే పెద్ద ట్యాంకుదా, చేత్తో పట్టుకునే చార్జింగ్‌దా ఏది తీసుకోవాలి? మా వాష్‌బేసిన్ వరండాలో ఉంది, పక్కన ప్లగ్గు లేదు. నీటి ధార గట్టిగా తగిలితే బ్రిడ్జి ఊడిపోతుందా? రక్తం కారితే ప్రమాదమా? మా బోరు నీళ్లు బాగా ఉప్పు, గీజర్ రాడ్డుకి ఏడాదిలో తెల్లగా గార కడుతుంది, ఆ నీళ్లు పోయొచ్చా? ఇంతకీ ఇది నిజంగా పనికొచ్చేదేనా?

---

కొలరాడో_మామ

అమ్మా, ముందు ఆ కాలిపోయిన మెషిన్ సంగతి. మీ మరిది తప్పూ కాదు, మీ తప్పూ కాదు. ఇక్కడ అమెరికాలో కరెంటు 120 వోల్టులు, మనది 230. మీరు తగిలించిన పిన్ను ప్లగ్గు ఆకారం మారుస్తుందే గానీ వోల్టేజీ తగ్గించదు. అమెరికా నుంచి ఏది తెచ్చినా అడుగున అంటించిన లేబుల్ చూడాలి. 100-240 అని ఉంటేనే మన ప్లగ్గులో పెట్టాలి. ఒక్క 120 అని మాత్రమే ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెట్టకూడదు. మా నాన్నగారికి తెచ్చినప్పుడు నేనూ ఇలాగే ఒకటి పోగొట్టాను. ఆ తర్వాత యూఎస్‌బీతో చార్జ్ అయ్యేది తీసుకెళ్లాను, అది ఇప్పటికీ నడుస్తోంది. మీరు అక్కడే కొనడం మంచిది, వారంటీ ఉంటుంది, టిప్పులు (నీళ్లు చిమ్మే సన్నటి కొసలు) దొరుకుతాయి.

ఈ మెషిన్ పుట్టింది మేముండే ఫోర్ట్ కాలిన్స్‌లోనే. 1962లో ఇక్కడి పళ్ల డాక్టర్ జెరాల్డ్ మోయర్, ఆయన దగ్గరికి పేషెంటుగా వచ్చిన ఇంజినీర్ జాన్ మాటింగ్లీ కలిసి తయారుచేశారు. ధారగా కాకుండా నీటిని ఆపి ఆపి చిమ్మడమే దీని కీలకం. నిమిషానికి వెయ్యికి పైగా చిమ్ముతుంది. ఆ ఆగి కొట్టడం వల్లే సందులోది కదిలి బయటికొస్తుంది.

---

క్లిప్పులు_రెండేళ్లు

అక్కా, నాకు పళ్లకి క్లిప్పులు ఉన్నాయి, రోజూ వాడతా. ఒక్క మాట చెప్తా: కొనేముందు ఆ మోడల్‌కి టిప్పులు విడిగా అమ్ముతున్నారో లేదో చూడండి. నేను మొదట చౌకగా వచ్చిందని ఒకటి కొన్నా. ఐదు నెలలకి టిప్పు వంగిపోయింది, విడిగా ఎక్కడా దొరకలేదు. మెషిన్ బాగానే ఉన్నా పక్కన పడేయాల్సి వచ్చింది. మూడు నుంచి ఆరు నెలలకోసారి టిప్పు మార్చాల్సిందే.

---

పళ్ల_డాక్టర్_గుంటూరు

ఖమ్మం కోడలు గారూ, మీరు అడిగింది నేను రోజూ చూసే సమస్యే. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది పిన్నీసో, అగ్గిపుల్లో, అగరుబత్తి పుల్లో వాడుతూ ఉంటారు, అడిగితే తప్ప చెప్పరు. మీ అత్తమ్మ గారిని కోప్పడకండి. ఆవిడకి ఇంకో దారి ఎవరూ చూపించలేదు.

బ్రిడ్జి వేసిన రోజే చెప్పాల్సిన విషయం ఒకటుంది. మధ్యలో ఉన్నది కట్టుడు పన్ను, దానికి వేరు ఉండదు. చిగురు మీద ఆనుకుని కూర్చుంటుంది, కింద సన్నటి సందు ఉంటుంది. అటూ ఇటూ ఉన్న రెండు సొంత పళ్లే దాన్ని మోస్తుంటాయి. ఆ సందులోకి బ్రష్ కుచ్చు వెళ్లదు. తిండి అక్కడే కుళ్లితే ముందు వాసన, తర్వాత చిగురు వాపు, చివరికి మోసే పళ్లు వాటి మీది టోపీ (క్యాప్) కింద పుచ్చిపోవడం. కాబట్టి దానికింద రోజూ శుభ్రం చేసుకోవాల్సిందే.

ఫ్లాసర్ పనికొస్తుందా అంటే, ఇరుక్కున్న తిండిని బయటికి తోయడంలో చాలా బాగా పనికొస్తుంది. పంటికి జిగురులా అంటుకున్న పాచిని మాత్రం పూర్తిగా తీయలేదు. 2019లో కోక్రేన్ సంస్థ ఇలాంటి సాధనాల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి పరిశీలించింది. బ్రష్‌తో పాటు నీటి ధార వాడినవాళ్లకి నెల రోజుల దగ్గర చిగుళ్ల వాపు కొంత తగ్గినట్టు కనిపించింది, మూడు నెలలు, ఆరు నెలల దగ్గర ఆ తేడా నిలబడలేదు. పాచిలో తేడా కనపడలేదు. ఆ ఆధారాలు కూడా బలమైనవి కావని వాళ్లే రాశారు. అందుకే బ్రష్ మానేసి ఇది వాడమని ఎప్పుడూ చెప్పను. మీ అత్తమ్మ గారికి బ్రష్, ఫ్లాసర్‌తో పాటు సూపర్ ఫ్లాస్ అనే దారం కూడా చెప్తాను. దాని ఒక కొస గట్టిగా ఉంటుంది, బ్రిడ్జి కిందుగా దూర్చి అవతలికి లాగొచ్చు, మధ్యలో దూదిలా ఉండే భాగం పాచిని తుడుస్తుంది. ఆవిడ చేత్తో కష్టమైతే వారానికి రెండు మూడుసార్లు మీరు చేసిపెట్టండి.

కొనేముందు ఒకసారి మీ డాక్టరుకి చూపించండి. బ్రిడ్జి కొంచెమైనా కదులుతుంటే ఫ్లాసర్ వాడొద్దు, ముందు దాని సంగతి చూడాలి. గట్టిగా ఉన్న బ్రిడ్జి తక్కువ ప్రెషర్‌తో ఊడిపోదు. పళ్లకి గార పేరుకుని ఉంటే నీటి ధారకి రాదు, క్లీనింగ్ చేయించాల్సిందే. రక్తం పల్చబడే మాత్ర సంగతి డాక్టరుకి ముందే చెప్పండి, మీ అంతట మీరు మాత్ర ఆపకండి. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్లయితే వాడేముందు గుండె డాక్టర్‌ని కూడా అడగాలి.

మీకు ప్లగ్గు లేదు కాబట్టి చార్జింగ్‌దే. ట్యాంకు 200 నుంచి 300 మిల్లీలీటర్లు ఉంటే మధ్యలో మళ్లీ నింపే పని తగ్గుతుంది. అంతకన్నా పెద్దది నీళ్లతో బరువై పెద్దవాళ్ల చెయ్యి వణుకుతుంది. ట్యాంకు మూత వేళ్లు దూరేంత వెడల్పుగా ఉంటే లోపల కడగొచ్చు, లేకపోతే జిగురు పడుతుంది. తడిసినా పాడవకుండా ఐపీఎక్స్ 7 అని ఉందో లేదో చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా తక్కువ ప్రెషర్ సెట్టింగ్‌లో ధార నిజంగా మెత్తగా ఉండాలి. గరిష్ఠ ప్రెషర్ ఎంతో గొప్పగా రాస్తారు, మీకు దాంతో పని లేదు.

వాడే పద్ధతి. బోరు నీళ్లు వద్దు, తాగే నీళ్లు గోరువెచ్చగా పోయండి. టిప్పు నోట్లో పెట్టాకే ఆన్ చేయాలి, ఆఫ్ చేశాకే బయటికి తీయాలి. బేసిన్ మీదకి బాగా వంగి, పెదాలు కొద్దిగా మూసి, నీళ్లు నోట్లోంచి జారిపోనివ్వాలి. చివరి దవడ పన్నుతో మొదలుపెట్టి, చిగురు అంచు వెంబడి టిప్పును పంటికి నిటారుగా పట్టుకుని నెమ్మదిగా కదపాలి, ప్రతి సందు దగ్గరా ఒక్క క్షణం ఆగాలి. బ్రిడ్జి దగ్గర బుగ్గవైపు నుంచి ఒకసారి, నాలుకవైపు నుంచి ఒకసారి. నాలుక కిందకి, గొంతులోకి కొట్టకూడదు. రాత్రి భోజనమయ్యాక ముందు ఇది, తర్వాత బ్రష్. అప్పుడు పేస్టులోని ఫ్లోరైడ్ పళ్ల మీద నిలుస్తుంది.

మొదటి వారం, పది రోజులు కొంచెం రక్తం రావచ్చు, అది వాచిన చిగుళ్ల నుంచి వచ్చేది. రోజురోజుకీ తగ్గాలి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, ఎప్పుడైనా సరే కారడం ఆగకపోతే వెంటనే చూపించండి. షుగర్ ఎక్కువగా ఉంటే చిగుళ్లు త్వరగా మానవు, చిగుళ్లలో వాపుంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి, ఆవిడకి ఇది అర్థమయ్యేలా చెప్పండి.

---

ఖమ్మం_కోడలు (మూడు వారాల తర్వాత)

డాక్టరు గారూ, మీ మాట విని ముందు ఆస్పత్రికే తీసుకెళ్లా. బ్రిడ్జి గట్టిగానే ఉంది. క్లీనింగ్ చేశారు. బ్రిడ్జిని మోస్తున్న వెనక పన్నుకి అంచున చిన్న పుచ్చు మొదలైందట, ఇప్పుడే చూశారు కాబట్టి ఫిల్లింగ్‌తో సరిపోయింది. ఇంకో ఏడాది ఆగి ఉంటే మొత్తం బ్రిడ్జి కోసి తీయాల్సి వచ్చేదన్నారు. ఆ మాట విని అత్తమ్మ ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

250 మిల్లీలీటర్ల చార్జింగ్‌ది తీసుకున్నాం. మొదటి రోజు టిప్పు నోట్లో పెట్టకముందే బటన్ నొక్కింది. అద్దం, గోడ, చీర అన్నీ తడిసిపోయాయి. నాకొద్దమ్మా ఇది అని పక్కన పెట్టేసింది. మర్నాడు నేను ముందు నా నోట్లో పెట్టుకుని చూపించా. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని, బటన్ నేను నొక్కుతూ నాలుగు రోజులు చేయించా. ఐదో రోజు నుంచి తనే చేసుకుంటోంది. నిలబడి వంగితే నడుం నొప్పని ఒక స్టూలు వేశా, కూర్చుని బేసిన్ అంచుకి మోచెయ్యి ఆనించుకుంటోంది. మీలో ఎవరైనా పెద్దవాళ్లకి కొంటుంటే స్టూలు సంగతి గుర్తుపెట్టుకోండి, మాకు అన్నిటికన్నా ఎక్కువ అదే ఉపయోగపడింది.

ఆరు రోజులు నీళ్లు గులాబీ రంగులో వచ్చాయి. నాకు టెన్షన్‌గానే ఉండింది, రోజూ బేసిన్ దగ్గరే నిలబడి చూశా. పదో రోజుకి పూర్తిగా తేటగా వచ్చాయి. నోటి వాసన పోయింది. సూపర్ ఫ్లాస్ బుధవారం, ఆదివారం నేనే చేస్తున్నా. మొన్న చుట్టాలింట్లో మటన్ తింది. ఇంటికి రాగానే చీర కూడా మార్చుకోకుండా బేసిన్ దగ్గరికి వెళ్లింది.

పిన్నీసు నేనేమీ తీయలేదు. తనే తీసి గాజులకి పెట్టుకుంది.

ఒక్క అనుమానం. పోయిన వారం ఫిల్టర్ పాడై నాలుగు రోజులు బోరు నీళ్లే పోశాం. ట్యాంకు లోపల అప్పుడే తెల్లటి పొర కట్టింది, ధార కూడా సన్నబడింది. ఎలా పోతుంది?

---

పళ్ల_డాక్టర్_గుంటూరు

చాలా సంతోషం అండీ. ఆ పుచ్చు ఇప్పుడే దొరకడం మంచిదైంది.

ట్యాంకు సగం గోరువెచ్చని నీళ్లు పోసి, రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి, టిప్పు బేసిన్‌లోకి పెట్టి అదంతా బయటికి పోయేదాకా నడపండి. తర్వాత మంచినీళ్లతో రెండు ట్యాంకులు నడిపితే వాసన పోతుంది. ధార ఇంకా సన్నగానే ఉంటే టిప్పు విడదీసి అదే వెనిగర్ నీళ్లలో పది నిమిషాలు నానబెట్టండి. రోజూ వాడాక మిగిలిన నీళ్లు పారబోసి, ట్యాంకు మూత తీసి ఆరనివ్వండి.

---

ఖమ్మం_కోడలు

వెనిగర్ ఇంట్లోనే ఉంది, ఈ రాత్రే చేస్తా. మళ్లీ ఆర్నెల్లకి చూపించమన్నారు, ఆ రోజు క్యాలెండర్‌లో రాసిపెట్టా.