విశాఖకి మొదటిసారి, రెండు రోజులే: ఏం చూడాలి?

ప్రశ్న: అమ్మానాన్నలతో శని, ఆదివారాలు వస్తున్నాం. నాన్నకి మోకాళ్ల నొప్పి. తప్పక చూడాల్సినవి ఏవండీ?

జవాబు 1: ముందు ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది. సోమవారం సెలవు, మీకా బాధ లేదు. లోపల దారి ఇరుకు, గుండ్రటి తలుపుల్లోంచి నడుం వంచి, కాలు పైకెత్తి దాటాలి. మీ నాన్నగారికి కష్టం, బయటే కూర్చోబెట్టండి.

జవాబు 2: కైలాసగిరి పైదాకా కారు వెళ్తుంది. ఎండ తగ్గాక ఎక్కితే తీరమంతా కనిపిస్తుంది. బొర్రా గుహలు ఈసారికి వదిలేయండి, రానూపోనూ ఒక రోజు పూర్తిగా పోతుంది, పైగా లోపలంతా మెట్లే.

జవాబు 3: హార్బర్ చూడాలంటే రాస్ హిల్. చర్చి, దర్గా, వెంకన్న గుడి పక్కపక్క కొండల మీదే, కింద ఓడలు వెళ్లే కాలువ. ఆర్కే బీచ్‌లో, యారాడలో మాత్రం ఈతకి దిగకండి. నాలుగడుగులకే లోతు, అల వెనక్కి లాగేస్తుంది.