సూపర్‌హీరో కామిక్స్ చదవడం ‘వాచ్‌మెన్’తో మొదలుపెట్టవచ్చా?

కొత్తపేజీ: సినిమాలు చూశాను గానీ సూపర్‌హీరో కామిక్స్ ఒక్కటీ చదవలేదు. ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారు?

పాతసంచిక: సందేహం లేకుండా ‘వాచ్‌మెన్’. 1986, 87 సంవత్సరాలలో 12 సంచికలుగా వచ్చిన కథ. పాత్రలన్నీ ఆ కథ కోసమే రూపొందినవి కాబట్టి, అంతకుముందు ఏమి జరిగిందో తెలిసి ఉండనవసరం లేదు.

గడిగీత: పాత సంచికలు అక్కర్లేదన్నది నిజమే. కానీ ఆ కథ నిలదీసేది ముసుగు వీరుల సంప్రదాయాన్నే కదా. ఆ వీరుల మీద మమకారమే ఏర్పడని వారికి వారి పతనం ఎందుకు బాధ కలిగిస్తుంది? నేనైతే ‘ఆల్-స్టార్ సూపర్‌మ్యాన్’ ఇస్తాను. మొదటి పేజీలో నాలుగే ప్యానెళ్లు, అంటే బొమ్మల గడులు, ఒక్కోదానికి రెండేసి ఆంగ్ల పదాలు: పేలిపోతున్న గ్రహం, దిక్కుతోచని తల్లిదండ్రులు, బిడ్డను మోసుకెళ్లే నౌక, చేరదీసిన దంపతులు. 1938లో పుట్టిన వీరుడి పూర్వకథ అంతా అక్కడితో పూర్తవుతుంది.

రంగులపెట్టె: నాకు 2014లో మొదలైన ‘మిస్ మార్వెల్’తో అలవాటైంది. అందులోని కథానాయిక కమలా ఖాన్ స్వయంగా సూపర్‌హీరోల అభిమాని కావడం వల్ల ఆమెతో పాటే నేనూ నేర్చుకున్నాను.

పాతసంచిక: ‘వాచ్‌మెన్’ కష్టమన్న మాట నేను ఒప్పుకోను. చాలా పేజీల అమరికకు మూడు వరుసలు, వరుసకు మూడు ప్యానెళ్లే ఆధారం కాబట్టి కన్ను ఎటు వెళ్లాలో తడబడదు. మొదటి పేజీలోనే, నెత్తురు పడిన పసుపు బ్యాడ్జి దగ్గర మొదలైన దృష్టి ప్యానెల్ ప్యానెల్‌కూ పైకి లేచి, ఎక్కడో ఎత్తున ఉన్న పగిలిన కిటికీని చేరుకుంటుంది.

గడిగీత: చదవగలగడం వేరు, చదవాలనిపించడం వేరు. మా చెల్లెలికి ఎవరో ఇదే పుస్తకం ఇచ్చారు. మొదటి సంచిక చివర వచ్చే వచన భాగం దగ్గరే ఆపేసింది. ఆ తర్వాత ఏ కామిక్ జోలికీ పోలేదు.

పాతసంచిక: మీ చెల్లెలు ఆపేస్తే తప్పు పుస్తకానిదా? కొత్త పాఠకులను చిన్నపిల్లల్లా చూడటం మానండి.

గడిగీత: ఆ మాట నేను ఎక్కడ అన్నానో చూపించండి.

మూడోవరుస: కొత్తపేజీకి ఏ సినిమాలు నచ్చాయో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

పాతసంచిక: నా ఉద్దేశం సూటిగా చెబుతాను. ఈ పుస్తకాలు చదువుతున్నందుకు ఇంటా బయటా ఏళ్ల తరబడి చులకనయ్యాను. ఇవి పిల్లల బొమ్మలని తీసిపారేసే వారి నోరు మూయించగల పుస్తకాలు కొన్నే ఉన్నాయి, కనుక ఎవరు అడిగినా మొదట వాటిలో ఒకటే ఇస్తాను.

గడిగీత: మన అసలు భేదం ఇదే. మిమ్మల్ని చులకన చేసిన వారికి చెప్పవలసిన జవాబును తెచ్చి, చదువుతానని ఇష్టంగా వచ్చిన మనిషి చేతిలో పెడుతున్నారు. ఆయనకు కావలసింది వాదనలో గెలిపించే పుస్తకం కాదు, రెండో పుస్తకం కోసం వెతికించే పుస్తకం.

పాతసంచిక: గౌరవం లేని చోట ఇష్టం ఎంతకాలం నిలుస్తుంది? అది నేను అనుభవించి చెబుతున్న మాట.

కొత్తపేజీ: నాకు బాగా నచ్చినవి బ్యాట్‌మ్యాన్ సినిమాలు.

గడిగీత: అయితే ‘బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్’ తీసుకోండి. 1987లో నాలుగే సంచికల్లో వచ్చింది. బ్రూస్ వేన్ విమానంలో, పోలీసు అధికారి గోర్డన్ రైల్లో గోథమ్ నగరానికి చేరడంతో కథ మొదలవుతుంది. అప్పటికి ఒకరు బ్యాట్‌మ్యాన్ కాలేదు, మరొకరు కమిషనర్ కాలేదు.

పాతసంచిక: ఆ పుస్తకం మీద నాకు అభ్యంతరం లేదు. ‘వాచ్‌మెన్’ను కొత్తవారికి పనికిరాదని పక్కన పెట్టడం మీద మాత్రం ఉంది, ఉంటుంది.