స్టార్ రాని రోజు టికెట్ డబ్బులు వాపసు ఇవ్వాలా? బ్రాడ్‌వే అండర్‌స్టడీల (స్టార్ బదులు ఆడేవాళ్ల) మీద మీ మాట చెప్పండి

ఎడిసన్‌వాసి:
ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఈ మధ్య ఒక శనివారం మ్యాట్నీకి న్యూయార్క్‌లో పెద్ద నాటకాలాడే బ్రాడ్‌వేకి తీసుకెళ్లాం. ఏ షో, ఏ థియేటర్ అన్నది చెప్పను. చెబితే చర్చంతా ఆ షో బాగుందా లేదా అన్నదాని మీదికి పోతుంది. టికెట్లు చాలా ముందే కొన్నాం, అదీ ఒకే ఒక్క నటి కోసం. మా అమ్మాయి ఆమె పాటలు కారులో పెట్టి పెట్టి ఇంటిల్లిపాదికీ నోటికి వచ్చేలా చేసింది. థియేటర్ బయట ఆమె ఫొటో నిలువెత్తున ఉంది. నాన్న దాని పక్కన నిలబడి ఫొటో కూడా దిగారు.

లోపల సీట్లో కూర్చుని ప్లేబిల్ (షో వివరాల పుస్తకం) తెరిస్తే అరచేయంత తెల్ల కాగితం ఒకటి ఒళ్లో పడింది. ఈ ప్రదర్శనలో ఫలానా పాత్రను ఫలానా వారు పోషిస్తారు, అంతే. కారణం లేదు, సారీ లేదు. పరుగున బాక్సాఫీసుకు వెళ్లి అడిగితే, ఆమె పేరు షో పేరు కంటే పైన వేయలేదు కాబట్టి రిఫండ్ కుదరదన్నారు. పైన వేస్తే ఒక లెక్క, కింద వేస్తే ఒక లెక్క అని టికెట్ కొనేటప్పుడు నాకెవరు చెప్పారు?

బదులు వచ్చినమ్మాయి బాగానే పాడింది. ఆమె మీద నాకేం కోపం లేదు. నేననేది ఒక్కటే. మనిషిని చూపించి అమ్మారు, మనిషి రాలేదు, అడిగినవాడికి డబ్బులు వెనక్కివ్వాలి. మీరేమంటారు?

బాల్కనీబ్యాచ్:
ఇవ్వాలి. ఇందులో చర్చేముంది.

స్వరపేటిక:
చర్చ చాలానే ఉందండీ. నేను ప్రొఫెషనల్‌ని కాదు గానీ ఇక్కడి కమ్యూనిటీ థియేటర్‌లో మ్యూజికల్స్‌లో, అంటే పాటల నాటకాల్లో, పాడుతుంటాను, కాబట్టి కాస్త దగ్గర నుంచి తెలుసు.

బ్రాడ్‌వేలో వారానికి ఎనిమిది షోలు. మామూలుగా ఒక రోజు సెలవు, రెండు రోజులు మ్యాట్నీ, సాయంత్రం కలిపి రెండేసి షోలు. మైకు ఉన్నా ప్రతి షోలోనూ నిజంగా పాడాల్సిందే, గంతులేస్తూ పాడాల్సిందే. 'వికెడ్' మ్యూజికల్‌లో మంత్రగత్తె ఎల్ఫబా పాత్ర సంగతే తీసుకోండి. ముఖానికీ చేతులకీ ఆకుపచ్చ రంగు పూసుకుని, మొదటి అంకం చివర గాల్లోకి లేస్తూ గొంతు పై అంచు దాకా వెళ్లే పాట పాడాలి. జలుబు చేసిన గొంతుతో ఆ పాట అందుకుంటే ఆ రాత్రి గడుస్తుందేమో గానీ, తర్వాత నెలల తరబడి గొంతు లేవకపోవచ్చు.

అందుకే బదులు మనుషుల ఏర్పాటు మొదటి నుంచీ ఉంటుంది. గుంపులో రోజూ ఆడుతూ, అవసరమైతే పెద్ద పాత్రలోకి వచ్చేవాళ్లు అండర్‌స్టడీలు. రోజూ స్టేజి ఎక్కకుండా, గుంపులోని రకరకాల మనుషుల అడుగులూ గొంతు వరసలూ అన్నీ గుర్తుపెట్టుకుని కూర్చునేవాళ్లు స్వింగులు. నన్నడిగితే అందరికంటే కష్టం వాళ్లదే. ఒక రోజు ఎడమ చివర నిలబడి పై శ్రుతి పాడితే, మర్నాడు ఇంకొకరి చోట కుడివైపు కింది శ్రుతి పాడాలి. ఒక్క పెద్ద పాత్ర కోసమే సిద్ధంగా ఉండేవాళ్లు స్టాండ్‌బైలు.

2005 జనవరి 8న ఏం జరిగిందో తెలుసు కదా. ఎల్ఫబాగా బ్రాడ్‌వే అవార్డు టోనీ గెలిచిన ఇడినా మెంజెల్ తన ఆఖరి షోకి ముందు రోజు, ఆట నడుస్తుండగా స్టేజి మీది ట్రాప్‌డోర్‌లోంచి కిందపడింది. పక్కటెముకకు దెబ్బ. షో ఆపారు. స్టాండ్‌బై షొషానా బీన్ ఆకుపచ్చ రంగు పూసుకొచ్చి మిగిలిన భాగం పూర్తి చేసింది. మర్నాడు ఆఖరి షో కూడా ఆమే చేసింది, మెంజెల్ చివర్లో మాత్రం ఎర్ర ట్రాక్‌సూట్‌లో వచ్చి కాసేపు పాడి వెళ్లింది. ఇంత ఏర్పాటు పెట్టుకుని షో ఆడించినవాళ్లను పట్టుకుని మోసం అంటే ఎలా?

ఇంకో మాట. ఉప్పల్‌లో ఐపీఎల్ మ్యాచ్‌కి టికెట్ కొంటారు. మీ అభిమాన బ్యాటర్‌కి ఆ రోజు తొడ కండరం పట్టేసింది, ఆడలేదు. స్టేడియం వాళ్లని డబ్బులు అడుగుతారా?

ఎడిసన్‌వాసి:
స్వరపేటిక గారూ, మోసం అన్న మాట నేను వాడలేదు. జబ్బు చేస్తే రావద్దనే అంటాను. క్రికెట్ పోలిక మాత్రం ఇక్కడ కుదరదు. మ్యాచ్‌లో ఎవరు గెలుస్తారో తెలియదు, అది చూడ్డానికే వెళతాం. మ్యూజికల్‌లో కథ ముందే తెలుసు, పాటలు ముందే తెలుసు, ఎవరు పాడుతున్నారన్నదే కొత్త. కుటుంబం మొత్తానికి కలిపి వెయ్యి డాలర్లకు దగ్గరగా పెట్టినవాడు ఆ కొత్తదనానికే పెట్టాడు.

హార్మోనియంపెట్టె:
ఈ గొడవ మనకు కొత్తేం కాదు నాయనా. తెనాలి చుట్టుపక్కల తిరునాళ్లలో పద్య నాటకాలు చూస్తూ పెరిగినవాణ్ని. కాంట్రాక్టు నాటకాలని ఉండేవి. కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో నటుణ్ని మాట్లాడి తెచ్చి, ఆ రాత్రికి కలిపి ఆడించేవాడు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడితే ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు. పడక సీనుకి ఒకరు, రాయబారానికి ఇంకొకరు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఏ.వి. సుబ్బారావు, ఇలాంటి పేర్లు కరపత్రంలో పెద్దక్షరాలతో వేస్తేనే చుట్టుపక్కల ఊళ్ల జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. పేరు వేసి మనిషిని తేలేకపోతే కాంట్రాక్టరుకి ఆ రాత్రి చుక్కలే. టికెట్ లేని నాటకమైనా సరే జనం ఊరుకునేవాళ్లు కారు. ఆ పేరు చూసి వచ్చాం, ఆ గొంతుతో ఆ పద్యం విందామని వచ్చాం, ఇంకెవరో పాడితే ఎందుకు వింటామనేవాళ్లు.

సురభి వాళ్ల దగ్గరికొస్తే లెక్క వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటకం అది. అక్కడ పిల్లలు పుట్టినప్పటి నుంచీ అన్ని పాత్రల పద్యాలూ వింటూ పెరుగుతారు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు కిరీటం పెట్టుకుంటారు. చూడ్డానికి వెళ్లినవాళ్లం కూడా మాయాబజారులో ఘటోత్కచుడు ఎవరని అడగం, సురభి వాళ్ల మాయాబజార్ అనే వెళతాం.

కాబట్టి ఎడిసన్‌వాసికి బాక్సాఫీసులో చెప్పిన పైన పేరు, కింద పేరు అన్న లెక్క నాకు సబబుగానే ఉంది. పేరు మీద అమ్మితే పేరుకి బాధ్యత, నాటకం మీద అమ్మితే నాటకానికి బాధ్యత.

బాల్కనీబ్యాచ్:
పెద్దాయన చెప్పింది బాగుంది. కానీ బయట నిలువెత్తు ఫొటో పెట్టి పేరు మాత్రం చిన్నక్షరాల్లో కింద వేస్తే? అమ్మేది పేరు మీద, బాధ్యత నాటకం మీద. రెండు వైపులా వాళ్లకే లాభం.

కోడింగ్‌కూలీ:
నేను చర్చలోకి దిగట్లేదు గానీ ఒకటి చెప్పి పోతా. 2022 జనవరిలో ఒమిక్రాన్ దెబ్బకి 'వికెడ్'లో ఎల్ఫబా చేయగలిగినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పడుకున్నారు. అప్పుడు కార్లా స్టిక్లర్ అనే ఆవిడకి పిలుపొచ్చింది. ఒకప్పుడు అదే పాత్రకి అండర్‌స్టడీగా చేసి, తర్వాత నటన మానేసి షికాగోలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా స్థిరపడింది. ఆ పాత్ర చేసి ఏళ్లయింది. అయినా న్యూయార్క్ వచ్చి, రంగు పూసుకుని, స్టేజి ఎక్కి పాడేసింది. నన్ను ఏడేళ్ల కిందటి ప్రాజెక్టుకి ఆన్‌కాల్ పిలిస్తే లాగిన్ పాస్‌వర్డ్ కూడా గుర్తుండదు.

థేమ్స్‌గట్టు:
లండన్ నుంచి. ఇక్కడ పెద్ద పాత్రలకు ఆల్టర్నేట్ పద్ధతి, అంటే వారంలో కొన్ని షోలు ముందే ఇంకొకరికి ఇచ్చేయడం, బాగా అలవాటైంది. 2023లో సవాయ్ థియేటర్‌లో నికోల్ షెర్జింగర్ 'సన్‌సెట్ బులవార్డ్' చేసినప్పుడు కొన్ని షోలు రేచల్ టకర్‌వి. ఏ రోజు ఎవరన్నది ముందే ప్రకటించారు. అదే షో బ్రాడ్‌వేకి వెళ్లాక మంగళవారాలు మాండీ గొంజాలెజ్‌కి ఇచ్చారు. 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా'లో క్రిస్టీన్ పాత్రకైతే ఎప్పటినుంచో ఎనిమిదిలో రెండు షోలు ఆల్టర్నేట్‌వే. చూసి కొనుక్కుంటాం, గొడవే లేదు.

గొడవంతా అనుకోని సెలవులతోనే. వాటికి కూడా ఈ ఆల్టర్నేట్ పద్ధతే సగం మందు. వారానికి ఎనిమిది ఒకరి గొంతుతోనే లాగించాలని చూస్తే ఆ గొంతు ఏదో ఒక రోజు ఆగుతుంది, ఆ రోజు ఎవరిదో ఒకరి టికెట్ వృథా అవుతుంది. ఆరు షోలకు ఒప్పందం రాసుకుని రెండు ఇంకొకరికి ఇచ్చేస్తే పోయేదేముంది?

బాల్కనీబ్యాచ్:
పోయేది వసూళ్లు. అందుకే చేయరు. ఇంకో సంగతి, ఇప్పటివాళ్లు మరీ సుకుమారంగా తయారయ్యారు. పాతవాళ్లు జ్వరంతోనే ఆడేవాళ్లు. ఇప్పుడు కాస్త తల నొచ్చితే సెలవు, పైగా ఇన్‌స్టాలో ఫొటో.

స్వరపేటిక:
ఈ మాట దగ్గర మాత్రం నాకు ఒళ్లు మండుతుంది, క్షమించాలి. జ్వరంతో ఆడటం గొప్ప అన్న అలవాటు వల్లే గొంతు పోగొట్టుకుని అర్ధంతరంగా మానేసినవాళ్లు ఉన్నారు. పైగా ఒకరి జ్వరం పక్కవాళ్లకి పాకుతుంది. ముద్దు సీన్లు, ఎత్తుకునే డాన్సులు ఉన్న పని అది. కోవిడ్ తర్వాత ఒంట్లో బాలేకపోతే ఇంట్లో ఉండు అనే మాట మొదటిసారి వినబడింది. అదేదో పాపం అన్నట్టు మాట్లాడకండి.

2021 డిసెంబర్ 23న 'ది మ్యూజిక్ మ్యాన్'లో సట్టన్ ఫాస్టర్‌కి కోవిడ్ అని తేలింది. స్వింగ్ క్యాథీ వాయ్ట్‌కోకి ఆ మధ్యాహ్నం పన్నెండింటికి చెప్పారు, ఒంటి గంటకి రిహార్సల్, రాత్రికి హ్యూ జాక్‌మన్ సరసన హీరోయిన్. షో అయ్యాక జాక్‌మన్ ఆమెను పక్కన నిలబెట్టుకుని, బ్రాడ్‌వే నిలబడేదే ఈ స్వింగుల మీదా అండర్‌స్టడీల మీదా అని జనానికి చెప్పాడు. ఆ వీడియో చూసి ఏడవనివాళ్లు లేరు. ఇంతకీ ఆ రోజు రాలేకపోయిన సట్టన్ ఫాస్టర్ కూడా ఒకప్పుడు 'థరలీ మోడర్న్ మిల్లీ'లో బదులుగా ఉండి, హీరోయిన్ తప్పుకుంటే పైకొచ్చి 2002లో టోనీ అందుకున్నావిడే. 1954లో షిర్లీ మెక్‌లేన్ కథ కూడా అదే. క్యారల్ హేనీ కాలికి దెబ్బ తగిలితే 'ది పజామా గేమ్'లో ఎక్కింది, అటునుంచటు హాలీవుడ్‌కి వెళ్లింది.

థేమ్స్‌గట్టు:
ఇవన్నీ గెలిచినవాళ్ల కథలే కదా. ఏళ్ల తరబడి తెర వెనక కూర్చుని, ఎక్కిన రోజు సీట్లలోంచి నిట్టూర్పులు విని, పేరు ఎవరికీ గుర్తులేకుండా పోయినవాళ్లే ఎక్కువ. 'ఫన్నీ గర్ల్'లో హీరోయిన్‌కి బదులుగా ఉన్న జూలీ బెంకోని చూడండి. 2022లో హీరోయిన్ బీనీ ఫెల్డ్‌స్టీన్ వెళ్లిపోయాక, ఆ చోటికి లియా మిషెల్ వచ్చేలోపు నెల రోజుల పాటు షోని మోసింది. జనం మెచ్చుకున్నారు. అయినా ఆ పాత్ర పూర్తిగా ఆమెకివ్వలేదు, గురువారాలు ఇచ్చారు. బెంకో బాగా చేస్తుందని తెలియక కాదు, పోస్టర్ మీద పేరు కావాలి కాబట్టి. నిర్మాతే అండర్‌స్టడీని స్టార్‌తో సమానంగా చూడనప్పుడు, ప్రేక్షకుణ్ని మాత్రం సమానంగా చూడమనడం ఏం న్యాయం?

ఎడిసన్‌వాసి:
ఇదీ నేను వెతుకుతున్న మాట. స్టార్ పేరు మీద ధర పెంచుకునేటప్పుడు ఆమె వేరు. రానప్పుడు మాత్రం అందరూ ఒకటే, షోయే ముఖ్యం, మీకు కళ అంటే గౌరవం లేదు అని నాకు క్లాసు.

హార్మోనియంపెట్టె:
ముందే చెప్పాలన్న నియమం అసలు లేదా?

స్వరపేటిక:
ఉందండీ. నటుల యూనియన్ ఈక్విటీ నిబంధన ప్రకారం ముఖ్యపాత్రలో మార్పు ఉంటే మూడింటిలో కనీసం రెండు చేయాలి. ప్రోగ్రాంలో స్లిప్పు, లాబీలో బోర్డు, తెర లేచే ముందు మైకులో ప్రకటన. అది చేస్తారు.

ఎడిసన్‌వాసి:
ఆ మూడూ టికెట్ చించుకుని లోపలికి వెళ్లాక తెలిసేవే. అందులో ఒక్కటీ ఇంటి దగ్గర తెలిసేది కాదు. నటికి గౌరవంగా ఉండాలని పెట్టిన నియమం అది, నాకోసం పెట్టింది కాదు. మీరే చెప్పారు, వాయ్ట్‌కోకి మధ్యాహ్నం పన్నెండింటికి తెలిసిందని. షో రాత్రికి. అదే పన్నెండింటికి టికెట్ కొన్నవాళ్లందరికీ ఒక ఈ-మెయిల్ పడొచ్చుగా? నా నంబర్, నా ఈ-మెయిల్, ఇంటి అడ్రసు అన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. వచ్చే సీజన్ షోల గురించి వారం వారం పంపుతూనే ఉన్నారు.

స్వరపేటిక:
పంపితే సగం మంది వాపసు అడుగుతారు. ఆ అమ్మాయి జీవితంలో దొరికిన ఒక్క రాత్రి ఖాళీ కుర్చీలకి పాడాలా?

థేమ్స్‌గట్టు:
సగం మంది అడగరు. రైలు టికెట్, హోటల్, బేబీ సిట్టర్ అన్నీ కుదుర్చుకున్నాక ఎంతమంది మానుకుంటారు? మానుకున్నవాళ్ల సీట్లు ఆ సాయంత్రమే టైమ్స్ స్క్వేర్ టీకేటీఎస్ బూత్‌లో తగ్గింపు ధరకి పెడితే చాలు.

స్వరపేటిక:
ఉదయం రానని చెప్పి సాయంత్రానికి కోలుకుని వచ్చే సందర్భాలూ ఉంటాయి. అప్పుడు మళ్లీ ఈ-మెయిలా? అండర్‌స్టడీ చూడాలని ఆగినవాళ్లు అప్పుడు గొడవ చేస్తారు. నవ్వకండి, స్వింగులకి కూడా అభిమానులుంటారు. నేనే ఉన్నాను.

బాల్కనీబ్యాచ్:
అలాగైతే మీ సీటు ఖాయం. ఎడిసన్‌వాసి అన్నా, ఈసారి ఆ తెల్ల కాగితం పడితే రిఫండ్ అడక్కుండా స్వరపేటిక గారికి ఫోన్ చేయండి, మీ టికెట్లు ఆవిడే కొంటారు.

ఎడిసన్‌వాసి:
కొన్న ధరకేనా?

స్వరపేటిక:
టీకేటీఎస్ ధరకి.